వెనక పొడుగు 72

జూన్ 4

అక్కా,

ఫోన్ చేస్తే నీకు సగం మాటలు వినపడవు, మిగతా సగం నువ్వే మాట్లాడతావు. అందుకే ఈ ఉత్తరం. ఆ టార్పాలిన్ షెడ్డులో ఇన్నేళ్ళు మోటారు మిషన్ల మధ్య కూర్చుంటే చెవులు మిగులుతాయా మరి! బావ స్నేహితుడు మీసాల డ్రైవరు లోడు దించడానికి ఈ ఊరొచ్చాడు. ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను.

నాకొక వాన కోటు కావాలి. సైకిల్ మీద పనికి వెళ్ళేటప్పుడు వేసుకోవడానికి. ఈసారి వానలు ముందే పట్టుకున్నాయి. నేను అట్టపెట్టెలు అతికించే గదిలో పనిచేస్తున్నానని తెలుసుగా. బట్టల మీంచి నాలుగు చుక్కలు కారితే చాలు, అట్ట ఉబ్బిపోతుంది. మా సూపర్‌వైజరమ్మ గుమ్మంలోనే నిలబడి, తడిసి వచ్చినవాళ్ళని వచ్చిన దారినే పంపేస్తోంది. మొన్న నన్నూ పంపేసింది.

బజారంతా తిరిగాను. పల్చటి ప్లాస్టిక్ కోటు చవగ్గానే వచ్చింది గానీ మొదటి రోజే చంక దగ్గర చిరిగింది. మోకాళ్ళ కిందికి ఉండేది ఒకటి పక్కింటావిడ దగ్గర అడిగి వేసుకుంటే, చైనులో చిక్కుకుని నడిరోడ్డు మీద పడబోయాను. తల మీంచి దుప్పటిలా వేసుకునేది ఇంకోటి ఉంది. దానిలోకి గాలి దూరితే నేనూ సైకిలూ కలిసి ఎగిరిపోయేలా ఉన్నాం. రబ్బరు కోటులోకి వాన రాదు, నిజమే. చెమట కూడా బయటికి పోదు. ఎటు చూసినా తడవడమే. నిజంగా బాగున్న కోటు ఒకటే కనపడింది. ధర చీటీ చూసి, తీసిన చోటే తగిలించి వచ్చాను.

లారీలకి కుట్టగా మిగిలిన ముక్కలు మీ షెడ్డులో పడి ఉంటాయి కదా. వాటితో ఒకటి కుట్టి పెట్టవూ? కొలతలు రాస్తున్నాను, అన్నీ అంగుళాలే. ఛాతీ 36, చెయ్యి పొడుగు 23, ముందు పొడుగు 25, వెనక పొడుగు 72.

తొందరగా కావాలక్కా. బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి


జూన్ 11

ఒసేయ్ తింగరీ,

నీ కొలతలు పైకి చదివితే షెడ్డు షెడ్డంతా పడీ పడీ నవ్వారు. వెనక పొడుగు డెబ్బై రెండు అంగుళాలా? నువ్వు నిలువునా లేచి నిలబడితేనే అయిదడుగులు లేవు. అది కోటా, లారీకి కప్పే పట్టానా? 27 రాయబోయి 72 రాశావని నాకు అర్థమైందిలే. చిన్నప్పుడు ఎక్కాల్లో ఎన్నిసార్లు ఇలాగే తిరగేసి రాసి దెబ్బలు తిన్నావో లెక్కలేదు. ఇంత వయసొచ్చినా నీ అంకెలు శీర్షాసనం వెయ్యడం మానలేదు!

కోటు పంపుతున్నాను. సైకిల్ మీద ముందుకి వంగుతాం కాబట్టి కోటు వీపు పైకి లేచిపోయి నడుం తడుస్తుంది. అందుకని వెనక 27కి ఇంకో రెండంగుళాలు కలిపాను. హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి కూడా వెనక్కి లాగేస్తుంది, అక్కడా కాస్త పొడుగు ఇచ్చాను. చంకల కింద వేలు పట్టేంత రంధ్రాలు పెట్టి పైన చిన్న రెక్క కుట్టాను. గాలి ఆడుతుంది, వాన దూరదు. కుట్టు మీద కొవ్వొత్తి రుద్దాను, సూది పోట్లలోంచి నీళ్ళు దిగకుండా. నెలకోసారి నువ్వూ రుద్దుకో. రంగు చూసి మొహం మాడ్చుకోకు. వానలో బూడిదరంగు మనిషి లారీవాడికి కనపడదు, అందుకే పసుపు ముక్క వెతికి మరీ కుట్టాను.

అది సరే, మీ ఆయన, అదే మన నిచ్చెన సంగతి ఒక్క ముక్క రాయలేదేం? బోర్డులు రాసే పని బాగానే నడుస్తోందా? పెళ్ళికి ముందు నేనన్న మాట గుర్తుందా, "ఈ పొడుగాయన నిన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఊరు తిప్పడం తప్ప ఇంకేం చెయ్యలేడే" అని? ఇప్పుడు ఆ సైకిలు కూడా నీ చేతే తొక్కిస్తున్నాడన్నమాట. ఊరికే అన్నానులే, వెళ్ళి చెప్పకు, నెల రోజులు అలుగుతాడు.

కోటు వేసుకుని ఎలా ఉందో రాయి.

మీ అక్క


జూన్ 19

అక్కా,

కోటు చాలా బాగుంది. చేతులు సరిగ్గా మణికట్టు దాకా వచ్చాయి. సూపర్‌వైజరమ్మ నన్ను ముందూ వెనకా తిప్పి చూసి, ఏ షాపులో కొన్నావని అడిగింది. మా అక్క కుట్టిందని గొప్పగా చెప్పాను.

కానీ అక్కా, అంకె తిరగబడలేదు. 72 అని కావాలనే రాశాను. సైకిల్ వెనక క్యారియర్ మీద సరుకు ఉంటుంది, దాని మీద కూడా కోటు కప్పుకోవాలి. సరుకు అస్సలు తడవకూడదు. ఇప్పుడు ప్లాస్టిక్ షీటు చుట్టి తాడు కడుతున్నాను. గాలి వస్తే తాడు ఊడుతోంది, షీటు లేచిపోతోంది. ఏ సరుకు, ఎందుకు అని అడగకు. అడిగితే నేను చెప్పలేను.

కోటు మళ్ళీ విప్పక్కర్లేదు. వెనక సరుకుకి విడిగా తొడుగు కుట్టు చాలు. క్యారియర్ మీంచి ఎత్తు 38 అంగుళాలు, వెడల్పు 20. పైన కొంచెం తెరిచి ఉండాలి, గాలి ఆడాలి. మెడ దగ్గర మాత్రం గట్టిగా మూసుకోవాలి, అక్కడికి చుక్క కూడా దిగకూడదు. లోపలి వైపు మెత్తటి గుడ్డ వెయ్యి, ఒరుసుకోకుండా.

ఆయన బాగానే ఉన్నాడు. ఈమధ్య బోర్డుల పని తగ్గింది.

వానలు రోజూ పడుతున్నాయి. మీసాల డ్రైవరు ఎప్పుడొస్తాడో కనుక్కుని, ఈ ఒక్కటీ ఆలస్యం చెయ్యకు అక్కా.

నీ చెల్లి


జూన్ 27

చెల్లీ,

నా చెవిలో పువ్వు పెట్టకు. చెవులు వినపడకపోయినా కళ్ళు ఉన్నాయి నాకు.

సరుకుకి మెడ ఎక్కడుంటుందే? అని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ముందు మేకనేమైనా తోలుకెళ్తున్నావా అనుకుని నవ్వుకున్నాను. మెడ ఉండే సరుకు, ఒరుసుకుంటే పగిలే సరుకు, ఏమిటని అడగకూడని సరుకు. సీసాలు! సారా సీసాలు!

ఊహించుకుని రాస్తున్నానని అనకు. మీసాల డ్రైవరు నాకంతా చెప్పాడు. కోటు ఇవ్వడానికి మీ ఇంటికొస్తే నువ్వు లేవట. నిచ్చెన గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడట, మొహమంతా ఉబ్బి, కళ్ళ కింద సంచులు వేలాడుతూ. ఇంటికొచ్చిన మనిషిని చూసి లేవనైనా లేవలేదట. "రండి" అన్న మాట కూడా ముద్దముద్దగా వచ్చిందట. తాగినవాడి మొహం ఎలా ఉంటుందో డ్రైవరుకి తెలీదా? ఇంకో మాట కూడా విను. మర్నాడు తెల్లారకముందే నువ్వు సైకిల్ వెనక ఏదో పెద్ద మూట ప్లాస్టిక్ షీటు చుట్టుకుని పోతుంటే, లారీ ఆపి హారన్ కొట్టి పిలిచాడట. తల తిప్పి కూడా చూడకుండా తొక్కుకుంటూ పోయావట.

తాగేది ఆయన, మోసేది నువ్వు! పట్టుబడితే జైలుకి పోయేదీ నువ్వే. ఆ నిచ్చెన ఎక్కి పైకొస్తావనుకున్నాను గానీ, ఇలా పాతాళానికి దింపుతాడనుకోలేదు. సారా సీసాలకి నా చేత్తో తొడుగు కుట్టను గాక కుట్టను. నువ్వు బయల్దేరి ఇక్కడికి వచ్చెయ్. షెడ్డులో నా పక్క మిషన్ ఖాళీగానే ఉంది.

మీ అక్క


జూలై 4

అక్కా,

నీ ఉత్తరం నా చేతికి రాలేదు. డ్రైవరు ఆయన చేతికిచ్చి వెళ్ళాడు. నేను పని నుంచి వచ్చేసరికి చదివేసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మీ అక్క నన్ను సీసా చేసిందే. సీసా అయినా నయమే, మెడ గట్టిగా ఉంటుంది" అన్నాడు. నవ్వాడు కూడా. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుని అన్నం తినలేదు.

ఇంక దాచడం నావల్ల కాదు. ఆయనకి ఇచ్చిన మాట తప్పుతున్నాను.

ఆయన రెండు కిడ్నీలూ పాడైపోయాయి. చలికాలం నుంచీ కాళ్ళు వాచేవి. నిచ్చెన మీద నిలబడీ నిలబడీ అనుకున్నాం. ఒకరోజు బోర్డు సగం రాసి, కింద పడబోయి దిగిపోయాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో మిషన్ పెట్టి రక్తం శుభ్రం చెయ్యాలి. దానికోసం మెడ పక్కన గొట్టం పెట్టి కట్టు కట్టారు. ఆ కట్టు తడిస్తే చీము పడుతుందని, అది రక్తంలోకి పోతే తమ చేతుల్లో ఉండదని నర్సమ్మ ప్రతిసారీ చెప్తుంది. మాకు పొద్దున మొదటి వంతు ఇచ్చారు. ఆ వేళకి బస్సు లేదు. వారానికి మూడుసార్లు ఆటో అంటే మావల్ల అయ్యే పని కాదు. నేను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రిలో దింపి, అక్కణ్ణుంచే పనికి పోతాను. సాయంత్రం వెళ్ళి తెచ్చుకుంటాను.

అదే అక్కా నా సరుకు. ఆయన మెడే ఆ మెడ. తాగిన మొహం కాదది, నీరు పట్టిన మొహం. లేవలేక లేవలేదు. హారన్ విన్నాను. ఆగితే డ్రైవరు ఆయన్ని ఆ క్యారియర్ మీద చూస్తాడని ఆగలేదు.

ఎందుకు చెప్పలేదని తిడతావు. నువ్వన్న మాట వల్లే. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తిప్పడం తప్ప ఏమీ చెయ్యలేడన్నావే, పెళ్ళైన కొత్తలో అది ఆయన చెవిన పడింది. ఇప్పుడు ఆ వెనక తానే కూర్చున్నానని మీ అక్కకి మాత్రం తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు వేళాకోళానికి అన్నావని నాకు తెలుసు. ఆయనకి అది వేళాకోళంగా వినపడలేదు.

కుట్టగలిగితే కుట్టు. లేకపోతే లేదు. ఆ మనిషిని మాత్రం ఇంకెప్పుడూ ఆ మాట అనకు.

చెల్లి


జూలై 8

నా తల్లీ,

నా నోరు పడిపోను. నీ ఉత్తరం చదివి మిషన్ మీద తల పెట్టి ఏడుస్తుంటే, పక్కవాళ్ళు వేలికి సూది దిగిందనుకుని పరిగెత్తుకొచ్చారు. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, అని నీ మీదా కోపం వస్తోంది. చెప్పనిచ్చేలా నేనెప్పుడున్నాను గనక!

ఇంక ఏడుపు ఆపి పని చెప్తాను, విను. లారీ వెళ్ళిపోతుందని రెండు రోజుల్లో కుట్టాను. వెనక పొడుగు 72. కొత్త టార్పాలినే కోశాను, ముక్కలు కాదు. షెడ్డు యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మొత్తం ఒకటే కోటు. ముందు నీ తలకి ఒక టోపీ, వెనక మరిది తలకి ఇంకో టోపీ. ఆయన ముక్కు దగ్గర గాలికి సందు వదిలి దాని మీద రెక్క కుట్టాను. మెడ చుట్టూ రెండు పొరలు, లోపల నా పాత నూలు చీర వేశాను, ఉతికి ఉతికి మెత్తబడింది, ఒరుసుకోదు. పక్కల టిచ్ బటన్లు ఉన్నాయి, క్యారియర్ కింద వాటిని కలిపి పెట్టు. పెట్టకపోతే అంచు చక్రంలో పడుతుంది, జాగ్రత్త. ముందు అంచుకి కుట్టిన రెండు ఉచ్చులు నీ బొటనవేళ్ళకి తగిలించుకో, గాలికి లేవదు. దిగేటప్పుడు ముందు నువ్వు దిగి, తర్వాత ఆయన్ని దింపు.

ఇక నుంచి ఆయన్ని నిచ్చెన అనను. మా షెడ్డు మీద బోర్డు అక్షరాలు వెలిసిపోయి మా పేరు మాకే కనపడటం లేదు. ఒంట్లో బాగుపడ్డాక వచ్చి రాసిపెట్టాలని మరిదితో నా మాటగా చెప్పు. కింద కూర్చుని చెప్తే చాలు, ఎక్కి రాసేవాళ్ళు వేరే ఉన్నారు.

మీ అక్క


జూలై 17

అక్కా,

కోటు వచ్చింది. ఆయన ముందు కుట్లన్నీ వేలితో తడిమి చూశాడు. "మీ అక్క కోపం ఎంత గట్టిదో, కుట్టూ అంత గట్టిది" అన్నాడు. బోర్డు సంగతి చెప్తే, ఏ రంగులో కావాలో అడగమన్నాడు.

దాంట్లో మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ కుండపోతే. ఒక్క చుక్క దిగలేదు. లోపల ఆయనకి నా వీపు తప్ప ఏమీ కనపడదు. "ఎక్కడున్నాం?" అని దారి పొడుగునా అడుగుతాడు. ఇదిగో పెట్రోలు బంకు, ఇదిగో మందుల షాపు, ఇదిగో నువ్వు రాసిన సైకిల్ షాపు బోర్డు అని చెప్తూ తొక్కుతాను. "అక్షరాలు బాగున్నాయా?" అంటాడు. ఒక బోర్డు సగం పెచ్చులూడిపోయింది. నిన్న రాసినట్టే ఉందని చెప్పాను. వీపు మీద తల ఆనించి కూర్చున్నాడు. ఆయన కాళ్ళు పొడుగు కదా, నేలకి రాసుకోకుండా ఎత్తి పట్టుకుంటే నొప్పి పుడుతుంది. అయినా ఒక్కమాట అనడు.

ఇప్పుడు ఆస్పత్రిలోనే ఉంచేశారు. మిషన్ మీద ఉండగానే చలి పుట్టి మంచం కదిలిపోయేలా వణికాడు. జ్వరం. గొట్టం దగ్గర చీము పట్టింది. ఎప్పుడైనా తడిసిందా అని డాక్టరమ్మ అడిగింది. తడిసింది. జూన్ 30న. వంతెన మీద గాలికి ప్లాస్టిక్ షీటు చిరిగి ఎగిరిపోయింది. నా కోటు విప్పి ఆయన మెడకి చుట్టాను, కానీ కట్టు అప్పటికే తడిసి ఉంది. ఆస్పత్రిలో కట్టు మార్చారు, ఏం కాదులే అనుకున్నాం.

పాత గొట్టం తీసి రెండో పక్కన కొత్తది పెట్టారు. మందు ఎక్కిస్తున్నారు. నువ్వు కంగారుపడి బయల్దేరకు. బావకి చెప్పు.

చెల్లి


జూలై 24

చెల్లీ,

వారమైంది, ఉత్తరం లేదు. డ్రైవరు మీ ఇంటికి వెళ్తే తాళం వేసుందట.

నువ్వు రాసిన ఆ జూన్ 30 దగ్గరే ఆగిపోయాను. నా తిట్ల ఉత్తరం మీకు చేరిన మర్నాడే అది. దానికి బదులు తొడుగు కుట్టి పంపి ఉంటే, అదే లారీలో, అదే రోజుకి అందేది. బావ నన్ను ఊరడించాలని చూస్తున్నాడు. నాకేమీ వినపడటం లేదు. ఈ చెవుడు చెవుల్లోది కాదు.

రేపు బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు వస్తానేమో. మరిదిని కళ్ళు తెరిచి ఉండమను. నేను తప్పయిందని చెప్పేదాకా ఉండమను.

అక్క


ఆగస్టు 21

అక్కా,

నువ్వు వెళ్ళినప్పటి నుంచి రాద్దామని కాగితం తీస్తూనే ఉన్నాను. ఇల్లు సర్దాను. ఆయన కుంచెలు కిరసనాయిల్లో కడిగి, వెంట్రుకలు వంగకుండా పెట్టాను. ఎవరికో ఒకరికి ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు.

నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. ఉందక్కా. అబద్ధం ఎందుకు? నువ్వొచ్చేసరికి ఆయనకి తెలివి ఉంది, నీ మాట విన్నాడు, నీ చెయ్యి పట్టుకుని "రంగు చెప్పలేదు వదినా" అన్నాడు. ఆయనకి నీ మీద ఏమీ లేకుండానే పోయాడు. నాకు మాత్రం ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. సరుకు అని రాసిన చోట ఆయన అని రాసి ఉంటే చాలు కదా. ఒక్క మాట. ఆ మాట దాచి ఆయన పరువు కాపాడాననుకున్నాను. రెండు కోపాలూ పక్కపక్కనే పెట్టుకుని పనికి పోతున్నాను. ఎప్పటికైనా తగ్గుతాయేమో. తగ్గితే నీకే ముందు రాస్తాను.

వెళ్ళేరోజు నువ్వు కోటు వెనక భాగం కత్తిరిస్తానని కత్తెర తీస్తే, చుట్టుపక్కలవాళ్ళు వచ్చేలా అరిచాను. నువ్వు కత్తెర సంచిలో పెట్టేసుకున్నావు. ఆ తర్వాత రోజూ అలాగే వేసుకుని తొక్కాను. ఖాళీ క్యారియర్ కింద బటన్లు పెట్టుకునేదాన్ని. గాలి దూరితే వెనక భాగం ఉబ్బి, ఎవరో కూర్చున్నట్టే బరువుగా లాగేది. సైకిల్ షాపు దగ్గరికి రాగానే నోరు దానంతటదే తెరుచుకునేది, ఇదిగో నీ బోర్డు అని. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

నిన్న బటన్ ఊడి అంచు చక్రంలో పడింది. పడ్డాను. మోచెయ్యి, మోకాలు కొట్టుకుపోయాయి, అంతే. వెనక వచ్చే లారీవాడు పసుపురంగు చూసి బ్రేకు వేశాడట. బురదతో, తడితో వెళ్తే సూపర్‌వైజరమ్మ ఇవాళ్టికి ఇంటికి పొమ్మంది. ఇంకోసారి ఇలా వస్తే రానక్కర్లేదని కూడా చెప్పింది. ఆవిడ తప్పేం లేదు, అట్ట పాడైతే ఆవిడ ఉద్యోగం పోతుంది. నా ఉద్యోగం పోతే నాకు ఇంకేమీ లేదు.

మొదట కుట్టిన పొట్టి కోటు ఆస్పత్రిలో ఎక్కడో పోయింది. కాబట్టి ఇదే పంపుతున్నాను. వానలు ఇంకా ఉన్నాయి, తొందరగా పంపు. కత్తిరించిన భాగం పారెయ్యకు. రెండో టోపీ, లోపలి నీ చీర గుడ్డ ఉన్నవి ఉన్నట్టే మడిచి పంపు.

వెనక పొడుగు 27. ఈసారీ అంకె సరిగ్గానే రాశాను.

నీ చెల్లి